పదవి చేపట్టబోయే ఆచార్యుడికి



కెమిస్ట్రీ ల్యాబ్ వదిలి రిజిస్ట్రార్ పదవిలోకి వెళ్లడం చదువుకు ద్రోహమవుతుందా అని అడిగావు. కాదని నా నమ్మకం. అయితే ఒక షరతుంది నాయనా. ఆ కుర్చీలో కూర్చున్నాక నీ విలువను కొలిచేది ఇతరుల పని. నీ హయాంలో ఎవరెవరు మంచి పాఠం చెప్పగలిగారు, ఎవరి పరిశోధన ముందుకు సాగింది అన్నదే లెక్క. ఆ కొలతకు మనసు ఒప్పుకుంటేనే వెళ్లు.

నా మాటకు ఆధారం చార్లెస్ విలియం ఎలియట్ జీవితం. 1834లో బోస్టన్‌లో పుట్టిన ఎలియట్ హార్వర్డ్‌లో గణితం, రసాయన శాస్త్రం బోధించాడు. 1863లో ఆయన ఆశించిన ప్రొఫెసర్ పదవి వోల్కాట్ గిబ్స్‌కు దక్కింది. పరిశోధనలో గిబ్స్‌దే పైచేయి. ఎలియట్ యూరప్ వెళ్లి అక్కడి విద్యాసంస్థలు ఎలా నడుస్తున్నాయో రెండేళ్లు పరిశీలించాడు. తిరిగొచ్చి ఎం.ఐ.టి.లో విశ్లేషణ రసాయన శాస్త్రం చెప్పాడు. 1869లో, 35 ఏళ్ల వయసులో, హార్వర్డ్ అధ్యక్షుడై 1909 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఆయన వచ్చేనాటికి అక్కడి వైద్య విద్యార్థి తొమ్మిది సబ్జెక్టుల్లో అయిదింట గట్టెక్కితే డాక్టరైపోయేవాడు. అవీ కొద్ది నిమిషాల మౌఖిక పరీక్షలే. హెన్రీ బిగెలో వంటి పేరున్న సర్జన్ ఎదురు నిలిచినా, 1871 కల్లా మూడేళ్ల క్రమబద్ధమైన కోర్సు, అన్ని సబ్జెక్టుల్లోనూ ఉత్తీర్ణత, ప్రయోగశాలలో పని అమలుకొచ్చాయి. చేరేవాళ్లు తగ్గినా ఎలియట్ వెనకడుగు వేయలేదు. 1901లో థియొడోర్ రిచర్డ్స్ అనే రసాయన శాస్త్రవేత్తను జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం పిలిచింది. హార్వర్డ్ ఆయనకు పూర్తిస్థాయి ప్రొఫెసర్ పదవి ఇచ్చి, పాఠాల భారం తగ్గించి నిలుపుకుంది. పరమాణు భారాలను కచ్చితంగా నిర్ణయించినందుకు రిచర్డ్స్‌కు 1914 నోబెల్ బహుమతి వచ్చింది. రసాయన శాస్త్రంలో అమెరికాకు అదే మొదటిది. ఎలియట్ తానుగా పెద్ద ఆవిష్కరణ ఏదీ చేయలేదు, కానీ చేయగలవాడికి తీరిక దొరికే సంస్థను నడిపాడు.

ఎలియట్‌కు పోయిందేముంది, నిజమైన పరిశోధకుడికైతే నష్టం కాదా అంటావు. నష్టమే. రిచర్డ్స్ శిష్యుడు, అల్లుడు అయిన జేమ్స్ కోనంట్ క్లోరోఫిల్, హిమోగ్లోబిన్‌ల మీద మొదటి వరుసలో పనిచేస్తూ, 1933లో, నలభయ్యో ఏట, హార్వర్డ్ అధ్యక్షుడయ్యాడు. ఆయన పరిశోధన అక్కడితో ఆగింది. దూర రాష్ట్రాల్లోని ప్రతిభావంతులైన పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులతో తలుపు తెరిచాడు నిజమే, కానీ ఆ మేలు ఈ నష్టాన్ని చెరిపేయదు. అందుకే రెండూ నడుపుతానని నిన్ను నువ్వు మభ్యపెట్టుకోవద్దు. సంతకాల కోసం గైడ్ గది ముందు పీహెచ్‌డీ విద్యార్థులు నెలల తరబడి పడిగాపులు పడటం అన్యాయం. చేరేముందే వాళ్లను సమర్థుడైన సహోద్యోగికి అప్పగించు.

అధికారం మంచివాణ్ణీ మార్చేస్తుంది కదా అన్న నీ భయమూ సరైనదే. 1871లో ఎలియట్ హయాంలోనే, ఖర్చు తగ్గించే పేరుతో రెండు రసాయన ప్రయోగశాలలను ఒకటి చేశారు. దాంతో గిబ్స్ తన ల్యాబ్‌ను, కెమిస్ట్రీ విద్యార్థులను కోల్పోయి కాంతి, ఉష్ణం పాఠాలకు పరిమితమయ్యాడు. కాగితం మీద ఆ పొదుపు సబబుగానే కనిపించి ఉంటుంది. విశ్వవిద్యాలయం మాత్రం దేశంలోని ఉత్తమ పరిశోధకుల్లో ఒకరి చేతులు కట్టేసింది. కాబట్టి ఏ ఫైలు మీద సంతకం పెట్టినా, దీనివల్ల ఎవరి పని ఆగుతుందని ముందు అడుగు. ఆ మనిషిని పిలిచి విను.

ఎలియట్‌కు నలభై ఏళ్లు దొరికాయి, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వీసీకే మూడేళ్లు, ఇక రిజిస్ట్రార్ ఏం చేయగలడని మిత్రులు నిరుత్సాహపరుస్తారు. వైద్య కళాశాల సంస్కరణకు పట్టింది రెండేళ్లేనని వాళ్లకు గుర్తుచెయ్యి. పైగా దీర్ఘకాలమే గొప్ప అనుకోవడానికీ లేదు. ఎలియట్ ఎంతో పట్టుదలతో పెంచిన ఐచ్ఛిక కోర్సుల పద్ధతి మితిమీరిందని, తర్వాత వచ్చిన లోవెల్ దానికి హద్దులు పెట్టాల్సి వచ్చింది. నీ చేతిలో ఉన్న కాలంలో పరీక్షలు సకాలంలో జరిపించు, ఫలితాలు ఆలస్యం కానివ్వకు, ల్యాబ్‌కు రావాల్సిన రసాయనాల బిల్లు బల్ల మీద మగ్గనివ్వకు. ఇవి చిన్న పనులుగా కనిపిస్తాయి కానీ ఓ పేద విద్యార్థి ఏడాది వీటి మీదే నిలబడి ఉంటుంది. ఈ పని నీకు తక్కువగా అనిపిస్తే ల్యాబ్‌లోనే ఉండు, అదీ గౌరవమే. అనిపించకపోతే నిశ్చింతగా వెళ్లు, మనసు పెట్టి చెయ్యి.