గుంపులో ఉన్నా లెక్క ఒక్కడిదే

ఒంటరిగా ఉన్నప్పుడు చేయడానికి సిగ్గుపడే పనిని మనిషి వేలమంది మధ్య నిలబడి ఎలా చేయగలుగుతున్నాడు? ఇంట్లో తల్లి ముందు నోట రాని మాట మైదానంలో అతని నోట ఎలా వస్తోంది? బజారులో ఎదురైతే పలకరించి కుశలం అడిగే మనిషి మీదికే, ఆటస్థలంలో చొక్కా రంగు చూసి రాయి ఎలా విసురుతున్నాడు? ఆ రాయి తగిలి ఎవరైనా పడిపోతే ఆ పాపం ఎవరిది? విసిరిన చేతిదా? ఉసిగొల్పిన గొంతులదా? లేక 'జనం' అనే పేరూ ఊరూ లేని గుంపుదా?

ఇవి కేవలం చర్చ కోసం వేసుకునే ప్రశ్నలు కావు. వీటి వెనుక ప్రాణాలు పోయాయి.

1980 ఆగస్టు 16న కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళు ఘర్షణ పడ్డారు. రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. అక్కడితో ముగిసిపోవలసిన గొడవ గ్యాలరీకి పాకింది. అభిమానులు ఒకరి మీద ఒకరు కలబడ్డారు, రాళ్ళు రువ్వుకున్నారు. భయపడినవారు బయటికి పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూడటానికని ఇంట్లో చెప్పి బయలుదేరినవారే వారంతా.

వారిని చంపాలని ఎవరూ అనుకోలేదు. అయినా వారు చనిపోయారు. ఆ రోజు గ్యాలరీలో ఉన్న ప్రతి ఒక్కరూ 'నేను ఎవరినీ చంపలేదు' అని చెప్పుకోగలరు. మరి ఆ పదహారు ప్రాణాల లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది? మనం ఆలోచించవలసిన విషయం ఇదే.

అభిమానం తప్పా?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. ఆటను ప్రేమించడం, తన ఊరి జట్టు గెలవాలని కోరుకోవడం పాపం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో పరుగు పందాలు, గుర్రపు పందాలు, విలువిద్య పోటీలు జరిగాయి. ఆయన స్వయంగా వాటిని ప్రోత్సహించారు. నమాజు వేళ తప్పనంతవరకు, జూదం చేరనంతవరకు, శరీరానికి బలాన్నీ మనసుకు ఉల్లాసాన్నీ ఇచ్చే ఆటను ధర్మం అడ్డుకోదు. సొంతవారి మీద ప్రేమ కూడా అంతే. మక్కా విడిచి వెళ్ళేటప్పుడు ఆ పట్టణం తనకెంత ప్రియమైనదో ఆయన చెప్పుకున్నారు.

కలకత్తా అభిమానుల ప్రేమకూ ఒక చరిత్ర ఉంది. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచినప్పుడు, బూట్లు తొడుక్కున్న తెల్లవారిని వట్టికాళ్ళతో ఆడి ఓడించారని దేశమంతా పొంగిపోయింది. ఈస్ట్ బెంగాల్ 1920లో ఏర్పడింది. 1947 దేశ విభజన తర్వాత ఇల్లూ పొలమూ వదిలి కలకత్తా చేరిన తూర్పు బెంగాల్ కాందిశీకులకు ఆ జట్టు పోగొట్టుకున్న ఊరికి గుర్తుగా మిగిలింది. పశ్చిమం వారు 'ఘోటి'లు, తూర్పు వారు 'బంగాల్'లు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల కూర, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష చేప. మన గోదావరి జిల్లాలవారు పులస అని పిలుచుకునేది ఆ చేపనే. ఇంతవరకు ఇదంతా ముచ్చటైన విషయమే. ఇందులో ఎవరికీ హాని లేదు.

మరి హాని ఎక్కడ మొదలవుతుంది? ఇబ్నె మాజా గ్రంథంలోని ఒక హదీసు దీనికి సూటిగా జవాబిస్తుంది. తన జాతిని ప్రేమించడం పక్షపాత దురభిమానం అవుతుందా అని ఒకరు దైవప్రవక్త (స)ను అడిగారు. కాదని, తనవారు అన్యాయం చేస్తుంటే అందులో వారికి తోడ్పడటమే దురభిమానమని ఆయన వివరించారు. ఉర్దూ, అరబీ భాషల్లో దీన్నే 'అసబియత్' అంటారు. అంటే ప్రేమ ఎంత ఉన్నా ఫరవాలేదు. ఆ ప్రేమ న్యాయం కళ్ళకు గంతలు కట్టకూడదు.

అబద్ధపు సాక్ష్యంతో మొదలు

ఈ గంతలు మొదట కట్టుకునేది రాయి పట్టుకున్నప్పుడు కాదు. అంతకన్నా చాలా ముందు. ఎదుటి జట్టు ఆటగాడు మనవాణ్ణి కాలితో పడగొడితే 'దుర్మార్గుడు' అంటాం. మనవాడు అదే పని చేస్తే 'తెలివైనవాడు' అంటాం. మనకు పెనాల్టీ ఇస్తే రిఫరీ నిజాయితీపరుడు, ఎదుటివారికి ఇస్తే అమ్ముడుపోయినవాడు. కళ్ళతో చూసినదాన్ని నోటితో మార్చి చెప్పడాన్ని ఏమంటారు? అబద్ధపు సాక్ష్యం అంటారు. సాక్ష్యం మీకూ మీ తల్లిదండ్రులకూ వ్యతిరేకంగా ఉన్నా సరే న్యాయం పక్షాన నిలబడమని, ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురిగొల్పకూడదని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశిస్తోంది. ఈ ఆదేశం న్యాయస్థానంలో ప్రమాణం చేసినవారికి మాత్రమే కాదు. గ్యాలరీలో కూర్చున్నవారికి కూడా.

ఒక్క ఫౌల్ విషయంలో నిజం చెప్పలేని నాలుక, గొడవ జరిగినప్పుడు 'తప్పు మనవాళ్ళదే' అని చెప్పగలుగుతుందా? చెప్పలేదు. ఎందుకంటే దానికి అలవాటు లేదు.

పేరు మంచిదే, పిలుపు చెడ్డది

ఒక ప్రయాణంలో జరిగిన సంఘటనను బుఖారి, ముస్లిం గ్రంథాలు నమోదు చేశాయి. ఒక ముహాజిర్ ఒక అన్సారీని కొట్టాడు. దెబ్బ తిన్నవాడు 'అన్సార్లారా!' అని కేకవేశాడు. కొట్టినవాడు 'ముహాజిర్లారా!' అని కేకవేశాడు. ఇరువైపులా జనం లేచారు. ఆ కేకలు దైవప్రవక్త (స) చెవిన పడ్డాయి. ఇదేమి అజ్ఞాన కాలపు పిలుపు అని ఆయన మందలించారు. అది కుళ్ళు కంపు కొట్టేదని, వదిలేయమని చెప్పారు.

కాస్త ఆలోచించండి. ముహాజిర్, అన్సార్ అనేవి ఖుర్‌ఆన్ ప్రశంసించిన పేర్లు. అంతటి పవిత్రమైన పేర్లు కూడా తప్పొప్పులు విచారించకుండా జనాన్ని పోగుచేసే కేకలుగా మారినప్పుడు కుళ్ళిపోయాయి. మరి ఒక క్లబ్బు పేరు, ఒక జెండా రంగు ఏపాటివి?

ఇక్కడ మనవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. కలకత్తాలో 1891లో స్థాపించిన మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్ గెలిచింది. ఆ లీగ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. దాని ఆటను చూసి సంతోషించడంలో తప్పు లేదు. కానీ ఆ జట్టు గెలిస్తే ఇస్లాం గెలిచిందని, ఓడితే ఇస్లాం ఓడిందని భావించడం ధర్మం గురించి తెలియనితనం. ఇస్లాం ఏ గోల్‌పోస్టు మధ్యా ఓడిపోదు. దానికి తలవంపులు తెచ్చేది ఎదుటి జట్టు కొట్టిన గోలు కాదు, దాని పేరు చెప్పుకుని మనం తిట్టే తిట్టు.

నిజానికి జెండాకీ దాన్ని మోసే మనుషులకూ ఉన్న సంబంధం ఎంత పలచనిదో చూడండి. 1950 ప్రాంతాల్లో ఈస్ట్ బెంగాల్ అభిమానులు 'పంచ పాండవులు' అని నెత్తిన పెట్టుకున్న ఐదుగురు ఎవరు? సాలెహ్, అప్పారావు, ధనరాజ్, వెంకటేశ్, అహ్మద్ ఖాన్. ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్ళినవారే. ఆ తర్వాత అదే జట్టుకు ఆడి ఆరాధన పొందిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ ప్రాంతంవాడు. ఆయన 'బంగాల్' కాదు, 'ఘోటి' కాదు. తూర్పు బెంగాల్ గౌరవాన్ని దక్షిణాది కాళ్ళు నిలబెట్టగలిగినప్పుడు, పక్కింటి పశ్చిమ బెంగాలీ శత్రువు ఎలా అయ్యాడు?

గెలుపు, ఓటమి

1975 ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో మోహన్ బగాన్ 0-5 తేడాతో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడిపోయింది. ఆ ఓటమి భరించలేక ఒక యువ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. అల్లాహ్ అమానతుగా ఇచ్చిన ప్రాణం ఒక ఆట ఫలితం కన్నా తేలికైపోయింది. ఎంత విచారకరం!

గెలిస్తే శాంతిస్తారా అంటే అదీ లేదు. 2012 ఫిబ్రవరి 1న ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో అల్ మస్రీ జట్టు అల్ అహ్లీని 3-1 తేడాతో ఓడించింది. గెలిచిన జట్టు వైపువారే మైదానంలోకి దూకి ఎదుటివారి మీద పడ్డారు. 74 మంది చనిపోయారు. దాడి చేసినవారూ చనిపోయినవారూ ఒకే దేశస్థులు. వారిలో అత్యధికులు ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారే.

దైవప్రవక్త (స) వద్ద అజ్‌బా అనే ఆడ ఒంటె ఉండేది. పందెంలో దాన్ని మించిన ఒంటె లేదు. ఒకసారి ఒక పల్లెవాసి తన ఒంటెతో వచ్చి దాన్ని దాటిపోయాడు. సహాబీలకు అది కష్టంగా తోచింది. వారి ముఖాలు చూసి ఆయన గ్రహించారు. లోకంలో ఏది పైకెదిగినా దాన్ని ఏదో ఒకనాడు కిందికి దించడం అల్లాహ్ నియమమని వారికి బోధపరిచారు. పల్లెవాసిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఓటమిని ఎలా స్వీకరించాలో ఇంతకన్నా గొప్ప పాఠం ఏముంది?

మూడు సాకులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గుంపులో ఉన్న మనిషి మూడు సాకులు చెబుతాడు.

మొదటిది: 'వాళ్ళే మొదలుపెట్టారు.' కానీ 2012 డిసెంబరు 9న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో ఏమైందో చూడండి. ఈ రెండు జట్ల మ్యాచ్‌లోనే గ్యాలరీ నుంచి వచ్చిన రాయి మోహన్ బగాన్ ఆటగాడు సయ్యద్ రహీం నబీ ముఖానికి తగిలింది. ఆయనను ఆస్పత్రికి తరలించారు. ఆయన అంతకుముందు ఈస్ట్ బెంగాల్‌కు కూడా ఆడినవాడు. అంటే ఇరువైపులవారూ ఏదో ఒకనాడు చప్పట్లు కొట్టిన మనిషి. ఎవరు మొదలుపెట్టారో రాయి అడగదు. అది తగిలేది తప్పు చేసినవాడికే అన్న పూచీ కూడా లేదు.

రెండవది: 'తప్పు పోలీసులది, నిర్వాహకులది.' ఇందులో నిజం లేకపోలేదు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని మలాంగ్‌లో అరెమా జట్టు పెర్సెబయా చేతిలో ఓడిన తర్వాత అభిమానులు మైదానంలోకి దిగారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ఇరుకైన ద్వారాల దగ్గర ఊపిరాడక, నలిగి 135 మంది చనిపోయారు. ఎదుటి జట్టు అభిమానులను ఆ రోజు రానివ్వనేలేదు. గ్యాలరీల్లో ప్రాణభయంతో పరుగెత్తినవారిలో ఎందరో మైదానంలోకి దిగినవారు కారు. ద్వారాలు, టిక్కెట్లు, బందోబస్తు చూసేవారు జనం ప్రాణాలకు కాపరులు. కాపరి తన మంద గురించి సమాధానం చెప్పుకోవలసిందే. కొందరు నిర్వాహకులకు 2023లో అక్కడి న్యాయస్థానం జైలు శిక్ష కూడా వేసింది. అయితే ఒకరి తప్పు ఇంకొకరి తప్పును కడిగివేయదు.

మూడవది: 'నేను రాయి వేయలేదు, అందరితోపాటు అరిచానంతే.' అన్నిటికన్నా ప్రమాదకరమైన సాకు ఇదే. పాపం రొట్టె కాదు, నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరి వాటా తగ్గిపోవడానికి. చెడ్డ పనికి దారి చూపినవాడి మీద, ఆ దారిన నడిచినవారి పాప భారం కూడా పడుతుందని, అలాగని నడిచినవారి భారం ఏమాత్రం తగ్గదని హదీసు హెచ్చరిస్తోంది. ప్రళయదినాన అనుచరులు నాయకులను నిందిస్తారు, నాయకులు అనుచరులను నిందిస్తారు. ఆ నిందలు ఎవరినీ కాపాడవని ఖుర్‌ఆన్ కళ్ళకు కట్టినట్లు వర్ణించింది. ఆ రోజు ప్రతి మనిషీ ఒంటరిగానే హాజరవుతాడు. అక్కడ గ్యాలరీ ఉండదు. పక్కన అరిచినవాడు ఉండడు. తన కర్మల పత్రం, తాను మాత్రమే ఉంటారు.

అదే జనం, మరో దారి

గుంపు అంటేనే చెడ్డది అనుకోకూడదు. 2024 ఆగస్టులో కలకత్తాలోని ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి హత్య చేశారు. ఆ ఆందోళనల మధ్య ఆగస్టు 18న జరగవలసిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రద్దయింది. అయినా అభిమానులు స్టేడియం దగ్గరికి వచ్చారు. ఈసారి ఒకరినొకరు తిట్టుకోవడానికి కాదు. రెండు జట్లవారూ, మొహమ్మడన్ స్పోర్టింగ్ వారూ తమ తమ జెండాలతో పక్కపక్కన నిలబడి ఆమెకు న్యాయం చేయాలని నినదించారు. పోలీసుల లాఠీలకు కూడా కలిసే ఎదురునిలిచారు. జెండాలు మారలేదు, అభిమానం తగ్గలేదు. అది నిలబడిన పక్షం మాత్రం మారింది.

1980 నాటి మృతుల జ్ఞాపకార్థం ఏటా ఆగస్టు 16న అక్కడ రక్తదాన శిబిరాలు నిర్వహిస్తున్నారు. ఎవరి రక్తం ఎవరి ఒంట్లోకి వెళ్తుందో ఎవరికీ తెలియదు. అక్కడ ఘోటి రక్తం, బంగాల్ రక్తం అని వేరుగా సీసాలు లేవు.

మన ఊళ్ళలోనూ మొహల్లా జట్లు ఉన్నాయి, టోర్నమెంట్లు ఉన్నాయి, పందిళ్ళ కింద మొదలై బజారులో తేలే తగాదాలూ ఉన్నాయి. యువకుల పెద్దలు, మస్జిద్ బాధ్యులు, జట్టు నాయకులు ఆట మొదలయ్యే ముందే ఒక మాట చెప్పాలి. మనవాడు తప్పు చేస్తే ముందుగా మనమే ఆపుదాం. అన్యాయం చేస్తున్న సోదరుని చేయి పట్టుకుని ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (స) నేర్పారు. చేయి ఆపలేకపోతే కనీసం మన గొంతు కలపకుండా ఉందాం. అదీ కుదరకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేద్దాం.

ఒకసారి రెండు జట్లు బాణాల పోటీ ఆడుతుండగా దైవప్రవక్త (స) అటుగా వచ్చి, తాను ఒక జట్టు వైపు ఉన్నానన్నారు. రెండవ జట్టు వెంటనే చేతులు దించేసింది. మీరు వారితో ఉంటే మేమెలా వేయగలమని వారు అడిగారు. అప్పుడాయన, వేయండి, నేను మీ అందరితోనూ ఉన్నానని చెప్పారు. పోటీ ఆగలేదు, కొనసాగింది. మనసుల్లో మాత్రం ఎవరూ పరాయివారు కాలేదు.

మన ప్రేమాభిమానాలను న్యాయానికి కట్టుబడి ఉంచే శక్తినీ, గుంపులో సైతం తన లెక్కను మరువని మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.