వడి నీటిలో పులకింత: ధమ్మం వద్దంటుందా?



ఆదివారం వందన అయిపోయినంక చాపలు మడుస్తున్నం. ఒక పిల్లగాడు దగ్గరికొచ్చి ఫోన్ చూపించాడు. గద్వాల పక్క ఊరు, డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్‌లో 2024 పారిస్ ఒలింపిక్స్ వీడియో. కయాక్ క్రాస్ అని ఆ ఏడాదే మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టిన పందెం. కయాక్ అంటే సన్నగా, పొడవుగా ఉండే ఒంటిమనిషి పడవ. నలుగురు నాలుగు కయాక్‌లలో కూచొని, మనిషి ఎత్తుకు పైన కట్టిన వాలు బల్ల మీదినుంచి ఒకేసారి నురగలు కక్కే నీళ్లలోకి జారుతారు. ఒకరి పడవ మీదికి ఒకరి పడవ ఎక్కుతుంది, తెడ్లు తగులుతాయి. కొన్ని గుర్తుల దగ్గర ప్రవాహానికి ఎదురు తిరిగి రావాలి. ఒక చోట పడవతో సహా నీళ్లలో తలకిందులై, మళ్లీ పైకి లేవాలి. ఆడవాళ్లలో ఆస్ట్రేలియాకు చెందిన నోయెమీ ఫాక్స్, మగవాళ్లలో న్యూజిలాండ్‌కు చెందిన ఫిన్ బుచర్ బంగారు పతకాలు గెలిచారు.

"అన్నా, చూస్తుంటేనే గుండె ఎగిరిపడతుంది. నాకు గూడ చెయ్యబుద్ధయితుంది. కేరళల గూడ పెడతరంట. ధమ్మం దీన్ని వద్దంటదా?"

నేను చాప మడుస్తూనే "అది తృష్ణ తమ్మీ" అనేసిన. వాడు సరే అని వెళ్లిపోయాడు. బస్సులో కూచున్నంక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎవరు ఏది అడిగినా తృష్ణ అనే ఒక్క మాటతో నోరు మూయించడం మనలో కొందరికి అలవాటైంది. పూర్వం పూజారి "కర్మ" అన్నట్టు మనం "తృష్ణ" అంటున్నమా? అందుకే ఆ పిల్లగాడికి ఇయ్యాల్సిన జవాబును ఇక్కడ మీతో కలిసి వెతుకుతున్న.

ముందు ఆ పులకింత ఏందో చూద్దాం. భయం కలగగానే శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువ పోతుంది, చూపు ఒక్క చోట నిలుస్తుంది. ఇందులో పాపమూ లేదు పుణ్యమూ లేదు, మన ప్రాణం కాపాడటానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు ఇది. దానికి తోడు ఇంకొకటి ఉంది. వడి నీటిలో ఉన్న మనిషికి నిన్నటి అప్పు గుర్తు రాదు, రేపటి పరీక్ష గుర్తు రాదు. ముందున్న రాయి, చేతిలోని తెడ్డు, అంతే. చిక్‌సెంట్‌మిహై అనే మనస్తత్వవేత్త పనిలో పూర్తిగా మునిగిన ఈ స్థితికి "ఫ్లో" అని పేరు పెట్టాడు. ధ్యానంలో పది నిమిషాలు కూడా నిలవని మనసు అక్కడ చెప్పకుండానే నిలుస్తుంది. ఆ పిల్లగాడు కోరుకున్నది దీన్నే అయితే, కోరికలో చెడు ఏముంది?

ఇక్కడ నాకు మా పెద్దనాయిన కొడుకు యాదికొస్తున్నడు. మా ఊర్లో ఒక దిగుడు బాయి ఉండేది, దొరలది. ఎండాకాలం వస్తే ఊరి పిలగాండ్లంతా ఒడ్డు మీదినుంచి దుంకేవాళ్లు. మన వాడ పిల్లలం దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడి చూసేవాళ్లం. నీళ్లు మైలపడతాయని మమ్మల్ని మెట్టు కూడా దిగనిచ్చేవాళ్లు కాదు. నాకు నలభై దాటినా ఈ రోజుకీ ఈత రాదు, కారణం అదే. మన వాళ్లలో ఎంత మందికి ఈత రాదో, ఎందుకు రాదో మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడండి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం మా అన్న ఎవరికీ చెప్పకుండా పోయి పైనుంచి దుంకిండు. గుంజి బయటికి తీసి కొట్టారు, మా పెద్దనాయినను పిలిపించి నలుగురిలో తిట్టారు. ఏండ్ల తర్వాత నేను అడిగిన, "ఎన్ని దెబ్బలు పడ్డయన్నా?" అని. "కొట్టింది యాదికి లేదురా. దుంకింది యాదుంది" అన్నడు. కాళ్ల కింద ఏమీ లేని ఆ క్షణం గురించి చెప్తుంటే ఆయన మొఖం పన్నెండేండ్ల పిలగాని మొఖమే అయింది.

అదే అన్న తర్వాత పాలమూరు లేబర్ అందరి లెక్కనే బొంబాయి పోయిండు. పదో అంతస్తు బయట, రెండు బొంగు కర్రల మీద నిలబడి సెంట్రింగ్ పని చేసిండు. నడుముకు తాడు లేదు, తలకు టోపీ లేదు. "అక్కడ గూడ బాయి మీదినుంచి దుంకినట్టే ఉండెనా?" అంటే ఆయన నవ్విండు. "అది కూలిరా" అన్నడు.

ఎత్తు అదే, కింద పడే భయం అదే, మనిషి కూడా అదే. ఒకటి పులకింత, ఇంకొకటి కూలి. తేడా ఎక్కడుంది? బాయి దగ్గర ఆయన ఎంచుకున్నడు. బొంబాయిలో పేదరికం ఆయన తరఫున ఎంచుకుంది. ప్రమాదం తీపిగా అనిపించాలంటే వద్దని వెనక్కి తిరిగే దారి ఉండాలి. ఇంకోటి, మునిగితే తీసేవాళ్లు ఉండాలి. ఆ ఒలింపిక్స్ వీడియో మళ్లీ చూడండి. తలకు హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్, కాపాడటానికి శిక్షణ పొందిన మనుషులు. ఆ నీళ్లు కూడా మోటార్లతో పంపు చేసి తయారు చేసిన ఏరు, స్విచ్ ఆపితే ఆగిపోతుంది. మన కృష్ణకు స్విచ్ ఎక్కడిది?

గద్వాల మండలంలో గుర్రంగడ్డ ఉంది. చుట్టూ కృష్ణ, నడుమ ఊరు. బడికైనా, దవాఖానకైనా, సంతకైనా పుట్టిలో నది దాటాల్సిందే. పైన జూరాల గేట్లు ఎత్తితే ఊరికి దారి తెగిపోతుంది. పుట్టి సంగతి మీకు తెలుసు: వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి గంప. ఇప్పుడు పట్టా కప్పి తారు పూస్తున్నరు గానీ, ఒకప్పుడు తోలు కప్పేవాళ్లు. ఆ తోలును లందలో నానబెట్టి పదును చేసిన చేతులు ఎవరివో నేను చెప్పాల్సిన పని లేదు. కయాక్‌కు ముందూ వెనకా ఉంటాయి, పుట్టికి అవి కూడా ఉండవు, వడిలో పడితే గిరగిర తిరుగుతుంది. దాన్ని ఒక్క తెడ్డుతో అవతలి ఒడ్డుకు చేర్చే మనిషి పనితనం ఆ పారిస్ ఆటగాళ్ల కన్నా తక్కువేం కాదు. ఆయనకు పతకం ఇయ్యకపోయినా పరవాలేదు, ఒక లైఫ్ జాకెట్ ఇస్తే చాలు.

ఇటు నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్ వైపు శ్రీశైలం వెనక జలాల్లో 2007లో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. వాళ్లెవరూ థ్రిల్ కోసం ఎక్కలేదు, అవతలి ఒడ్డుకు పోవడానికి ఎక్కారు. సోమశిల, సిద్ధేశ్వరం నడుమ వంతెన కావాలని జనం ఎన్నో ఏండ్లు అడిగితే కేంద్రం 2022లో ఒప్పుకుంది. ఇప్పుడు అదే సోమశిలకు హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి, బోటెక్కి ఫోటోలు దిగుతున్నరు. నాకు వాళ్ల మీద కోపం లేదు. ఒకే నీళ్ల మీద ఒకరికి ఆట, ఒకరికి గండం ఎందుకైందన్న ప్రశ్న మాత్రం ఉంది.

అంటే మన పిల్లలు ఆటకు పోవద్దనా? అట్ల అంటే దొర బాయి దగ్గర కాపలా కాసినోళ్లకూ మనకూ తేడా ఉండదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. పేదింటి పిల్లల ప్రాణాలతో ఆటలా అన్న మాట అప్పుడు వినిపించింది. ఆ మాటలో సగం నిజముందని నేనూ ఒప్పుకుంట. పదమూడేండ్ల పిల్ల తన ప్రాణం మీద తానే నిర్ణయం తీసుకోగలదా అన్నది చిన్న ప్రశ్న కాదు. కానీ ఆ పిల్లలను భువనగిరి బండల మీద నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా తయారు చేశారు, గైడ్లతో పంపారు. ఇదే పిల్లలు ఆ వయసులో పత్తి చేన్లో మందు కొడుతుంటే ప్రాణాలతో ఆట అని ఎంతమంది అడుగుతారో ఆలోచించండి.

ఇక బుద్ధుడి దగ్గరికి వద్దాం. మజ్ఝిమ నికాయంలో నాలుగో సుత్తం భయం గురించే. జ్ఞానోదయానికి ముందు సిద్ధార్థుడు జనం భయపడే అడవి తావుల్లో కావాలనే రాత్రుళ్లు గడిపాడు. జింక కదిలినా, నెమలి పుల్ల విరిచినా, గాలికి ఆకులు కదిలినా ఒళ్లు జలదరించేది. నడుస్తున్నప్పుడు భయం వస్తే, ఆ భయం పోయేదాకా నడుస్తూనే ఉన్నాడు. కూచున్నప్పుడు వస్తే కూచునే ఉన్నాడు. భయాన్ని వెతుక్కుంటూ పోయిన మనిషిని గురువుగా పెట్టుకున్నోళ్లం, సాహసం ధమ్మం కాదని ఎట్ల అంటం? అయితే ఆయన భయాన్ని చప్పరించడానికి పోలేదు. భయం ఎట్ల పుడుతుంది, ఎట్ల పోతుందో తెలుసుకోవడానికి పోయాడు. తెలిసినంక బయటికొచ్చాడు, మళ్లీ మళ్లీ ఆ రుచి కోసం పోలేదు.

నాకు ఇక్కడే గీత కనిపిస్తుంది. పులకింత తప్పు కాదు. అది లేకపోతే బతుకు చప్పగా ఉందని, నిన్నటి కన్నా ఇయ్యాల ఇంకా పెద్ద వడి కావాలని మనసు అడగడం మొదలుపెట్టిందా, అది తృష్ణ. హైవే మీద ముగ్గురు కూచొని బండి నూటికి తోలే పిలగాడు, బీచుపల్లి దగ్గర వరద చూడ్డానికి పోయి సెల్ఫీ కోసం అంచుకు పోయే పిలగాడు, ఇద్దరూ ధైర్యవంతులే అనుకుంటరు. వాళ్లకు నీళ్ల గురించి ఏమీ తెలియదు. ఆనకట్ట దిగువన నీళ్లు చూడటానికి సాఫీగా ఉంటాయి, కానీ పైనుంచి పడ్డ నీరు కింద తిరగబడి మనిషిని మళ్లీ కట్ట వైపే గుంజుతుంది. గజ ఈతగాడిని కూడా వదలదు. కయాక్ నేర్చినవాళ్లు అటువంటి తావు కనిపిస్తే పడవను భుజానికెత్తుకొని ఒడ్డు వెంబడి నడుచుకుంటూ పోతారు, దాన్ని ఎవరూ పిరికితనం అనరు. అప్పమాదం అని బుద్ధుడు చివరి మాటగా చెప్పిన జాగరూకత అక్కడ ఒడ్డు మీద నడుస్తుంది.

సంయుత్త నికాయంలో మొట్టమొదటి సుత్తం కూడా వరద దాటడం గురించే. ఈ వరదను ఎట్ల దాటినవని అడిగితే, ఆగకుండా, పెనుగులాడకుండా దాటిన అని బుద్ధుడు చెప్తాడు. ఆగితే మునిగాడట, పెనుగులాడితే కొట్టుకుపోయాడట. కయాక్ నేర్పే వాళ్లు చెప్పేదీ దాదాపు ఇదే. తెడ్డు ఆపితే నీళ్లు నిన్ను తమకిష్టమైన చోటికి తీసుకుపోతాయి. నీళ్లతో కొట్లాడితే పడవ బోర్లా పడుతుంది. పెద్ద రాయి వెనక నీరు ఎదురు తిరిగి నెమ్మదిస్తుంది, అక్కడ ఊపిరి తీసుకోవాలి, ముందున్నది చూసుకోవాలి, మళ్లీ పోవాలి. సుత్తంలోని వరద కామం, అవిద్యల వరద అని నాకు తెలుసు. అయినా నిజం నీళ్లు దాటినోళ్లకు ఆ పోలిక మనకన్నా బాగా అర్థమవుతుందనుకుంట.

తర్వాత ఆదివారం ఆ పిల్లగాడితో మాట మార్చుకున్న. "నేను తొందరపడి చెప్పిన తమ్మీ. పో. కేరళ కోజికోడ్ జిల్లాలో వానాకాలం మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతుంది. చాలిప్పుళ, ఇరువంజిప్పుళ అనే నదుల్లో. గెలిచినోళ్లను రాపిడ్ రాజా, రాపిడ్ రాణి అంటరట. పేర్లు మనకు నచ్చకున్నా ఆట మంచిదే" అన్న. వాడు నవ్విండు. "అన్నా, నాకు ఈతే రాదు."

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. పారిస్ వీడియో నూరుసార్లు చూసిన పిలగానికి ఈత రాదు. వాళ్ల నాయినకూ రాదు.

మా అన్నకు ఫోన్ చేసిన. ఆయన బొంబాయి వదిలి వచ్చి చానా ఏండ్లయింది, మోకాళ్లు నొస్తున్నయి, అయినా రమ్మంటే వచ్చిండు. ఊర్లో ఆ దిగుడు బాయి ఇప్పుడు పూడిపోయింది. ఇంకో రైతును అడిగితే తన బాయిలో దిగనిచ్చిండు, ఏమీ అనలేదు, మోటరు బంద్ చేసి పెట్టిండు కూడా. అన్న పిల్లగాని నడుముకు మోకు కట్టి, ఆ కొసను తన చేతికి రెండు చుట్లు చుట్టుకొని మెట్టు మీద కూచున్నడు. మొదటి రోజు వాడు నీళ్లు మింగి, దగ్గి, రాతి అంచు పట్టుకొని వణికిండు. మూడో ఆదివారానికి బాయి అడ్డంగా ఈదిండు. పైకొచ్చి ఒడ్డు మీదికి ఎక్కిండు, కిందికి చూసిండు. అన్న ఏం అనలేదు, మోకు కొంచెం వదులు చేసిండు.

వాడు దుంకిండు.

నేను మెట్టు మీదనే ఉన్న, కాళ్లు మాత్రం నీళ్లల్ల పెట్టుకొని. అన్న నా వైపు తిరిగి "ఇంకో మోకు గూడ ఉందిరా" అన్నడు.