శూన్యసింహాసనము - బడిపెద్ద కుర్చీ



కల్యాణమున అనుభవమంటపమును నెలకొల్పినవాడు బసవేశ్వరుడు. బిజ్జలుని భాండాగారము ఆయన అధీనముననే యుండెను. అయినను శూన్యసింహాసనము నధిష్ఠించినవాడు అల్లమప్రభువు. బసవన్న శరణులతోపాటు సభలో కూర్చుండెను. పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు అచట నిర్భయముగా మాటాడిరి. ఈ సంగతి జయంతినాడు చెప్పుకొని మరునాడు మరతుము. నేను ఉపాధ్యాయుడను గనుక దీనిని ప్రాథమిక పాఠశాలకు అన్వయించి చూతును.

కొన్నేండ్ల క్రిందట ఒక పల్లెబడికి నేను ప్రధానోపాధ్యాయుడనైతిని. మధ్యాహ్న భోజనపు బియ్యపుగది తాళపుచెవి ఎల్లప్పుడు నా జేబులో నుండెడిది. అదియే బాధ్యత యనుకొంటిని. ఒకనాడు మండల కేంద్రమున సమావేశమునకు పోగా, చెవియు నాతోనే వచ్చెను. వంటచేయు అమ్మ పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి కూర్చున్నది. సహోపాధ్యాయిని ఇరుగుపొరుగుల బియ్యమడిగి తెచ్చి వండించునప్పటికి మూడు గంటలు దాటెను. ఒకటవ తరగతి పిల్లలు అప్పటికే నిద్రపోయిరి. సాయంకాలము ఆమె, "మాస్టరుగారూ, నామీద మీకు నమ్మకము లేదని పిల్లలకు కూడ తెలిసిపోయినది" అనెను.

ఆ రాత్రి నాకు ఆయ్దక్కి మారయ్య జ్ఞప్తికి వచ్చెను. నేలరాలిన బియ్యపుగింజలేరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కువను మరల అచటనే పోసిరమ్మని పంపెనట. ఆయన పోయి పోసివచ్చెను. నేను నా పాలికి మించి మోసికొని వచ్చినది పెత్తనము.

మరునాడు చెవిని ఆమెకిచ్చితిని. శనివారమునాడు బియ్యపులెక్క అందరియెదుట, వంటచేయు అమ్మతోసహా, చదువుట మొదలిడితిమి. అందరు పెద్దలైనచో బాధ్యత ఎవరిదని కొందరందురు. లెక్క తప్పినచో పైవారికి సమాధానము చెప్పవలసినవాడను నేనే. అది ఎక్కడికిని పోలేదు. పోయినది నా జేబులోని బరువు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున ముప్పాతికవంతు తల్లిదండ్రులు, సంరక్షకులు, సగమువంతు స్త్రీలు ఉండవలయును. పెక్కుచోట్ల తీర్మానము ముందే వ్రాసి, సంతకములకై పుస్తకమును ఇంటింటికి పంపుదురు. నేనును పంపితిని. ఆ యేడు మాత్రము వారిని పిలిచి, చాపలపై అందరితో నేనును కూర్చుంటిని. చాలసేపు ఎవరును నోరు విప్పలేదు. తుదకు ఒక తల్లి, ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళమెందుకు వేసితిరని అడిగెను. తనిఖీకి వచ్చువారికి శుభ్రముగా కనబడవలెనని వేసితిని. ఆ తాళపుచెవియు ఆనాడే ఇచ్చివేసితిని.