బుడుదు వేసి చూచితిమా?

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 27:27-44



మాది కృష్ణగిరి దగ్గరి మెట్ట ప్రాంతమని మీకు తెలుసు. మామిడి తోటలు, రాతి గుట్టలు, శుక్రవారం సంత, ఇదే మా లోకం. అయినా ముప్పై ఏళ్లుగా నేను పౌలు ఓడ ప్రయాణం మీద వాక్యం చెబుతూ వచ్చాను. నేను ఎక్కిన పడవ ఏదంటే హోగెనకల్‌లో ఒక్కసారి ఎక్కిన పుట్టి మాత్రమే.

కిందటి జూన్ నెలలో దేవుడు నాకు సముద్రం చూపించాడు. నాతో కృష్ణగిరిలో చదువుకున్న స్నేహితుడు ఒకడు స్వీడన్ దేశంలో, గోథెన్‌బర్గ్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. నన్నూ నా భార్యనూ పిలిపించుకుని, తెరచాప పడవ ఒకటి అద్దెకు తీసుకుని, తీరం వెంబడి దక్షిణంగా తీసుకొనిపోయాడు. రాత్రి పది గంటలకు కూడా వెలుతురు పోని కాలం అది. తీరమంతా చిన్న చిన్న రాతి దీవులు. మా గుట్టలే గుర్తుకు వచ్చాయి గాని, అవి పూర్వం మంచు గడ్డలు జరిగి జరిగి అరగదీసిన నున్నని రాళ్లు.

ఎదుట నీళ్లు విశాలంగా ఉన్నాయి. అతడు మాత్రం పడవను చుట్టు తిప్పి నడుపుతున్నాడు. "ఎందుకప్పా ఈ చుట్టు? నేరుగా పోరాదా?" అన్నాను. అతడు సముద్రపు పటం నా ముందు పరిచాడు. నాకు ఖాళీగా కనబడిన నీటి మీద పటంలో అన్నీ అంకెలు, కూడిక గుర్తులు. "అంకె లోతు. కూడిక గుర్తు మునిగి ఉన్న రాయి. మన పడవ అడుగు రెండు మీటర్లు నీళ్లలో ఉంది. పైన చూసి పోతే పగులుతుంది" అన్నాడు. పడవ అడుగున ఒక పరికరం నీటిలోకి శబ్దం పంపి, అది నేలకు తగిలి తిరిగి వచ్చే సమయాన్నిబట్టి లోతు చెబుతూ ఉంటుంది.

అప్పుడు నాకు ఒక మాట తట్టింది. పౌలు ఎక్కిన ఓడ పదునాలుగు రాత్రులు గాలికి కొట్టుకొనిపోయింది. అర్ధరాత్రి వేళ నావికులు నేల దగ్గరపడిందని అనుమానించి బుడుదు వేసి చూచారు. ఇరువది బారలు. కొంచెం దూరం పోయి మళ్లీ వేశారు. పదునైదు బారలు. ఈ బుడుదు అనే మాటను నేను ఎన్నిసార్లు చదివి దాటిపోయానో! అది తాడుకు కట్టిన బరువు. మా ఊళ్లో బావిలో నీళ్లెంత ఉన్నాయో తెలియాలంటే తాడుకు రాయి కట్టి వదిలి, తడిసిన తాడును బారలతో కొలిచేవారు. ఆ పనే ఇది. కంటికి కనబడని దానిని తెలుసుకోవాలంటే ఆగి తాడు వదలాలి.

ప్రియులారా, ఇక నా తప్పు చెప్పాలి. మూడేళ్ల కిందట ఈ స్నేహితుని తండ్రి ప్రభువునందు నిద్రించాడు. కొడుకు రాలేదు. భూస్థాపన ప్రసంగంలో, ఊరంతా వినగా, "డబ్బు వెంట పోయిన కొడుకులకు తండ్రి శవం కూడా బరువే" అన్నాను. జనం తల ఊపారు. అతని తల్లి తల వంచుకుంది. ఆ మాట అతని చెవికి చేరింది. అతడు నాకు ఏ జవాబూ వ్రాయలేదు.

ఆ రాత్రి ఒక దీవి చాటున లంగరు వేసి కూర్చున్నప్పుడు నేనే అడిగాను, "ఆనాడు ఎందుకు రాలేదురా?" అతడు చాలాసేపు నీళ్లవైపు చూసి చెప్పాడు: "నా నివాస అనుమతి గడువు తీరి, కొత్తదానికి అర్జీ పెట్టుకుని ఉన్నాను. దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. ఇంట్లో ఈమె నిండు నెలలతో ఉంది. అమ్మకు చెబితే ఆ దిగులు కూడా ఆమె మోయాలి. అందుకే ఎవరికీ చెప్పలేదు."

సహోదరులారా, నేను పైన నీళ్లు మాత్రమే చూచి నా మాటను నేరుగా నడిపించాను. కింద రాయి ఉంది. పగిలింది అతని గుండె, అతని తల్లి గుండె. అక్కడే అతని చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. అతడు మాట్లాడలేక నా భుజం మీద తల పెట్టాడు.

మరునాడు అతడు మమ్మల్ని వాలర్స్‌విక్ అనే ఒడ్డుకు తీసుకొనిపోయాడు. 1848 సెప్టెంబరు 21న స్వీడన్ దేశపు మొదటి బాప్టిస్టు బాప్తిస్మములు ఆ సముద్రంలోనే జరిగాయి. బాప్తిస్మము పొందినవారు అయిదుగురే. 1878 జూలై 3న మన గుండ్లకమ్మలో 2,222 మందిని చూచిన తెలుగు బాప్టిస్టులకు అయిదు చిన్న లెక్కగా తోచవచ్చు. కాని రాజ్య సంఘానికి వెలుపల కూడికలు జరపడం అప్పుడు అక్కడ నేరం. వారి నాయకుడు ఎఫ్. ఓ. నిల్సన్ ఒకప్పుడు నావికుడు. 1850లో అతనికి దేశ బహిష్కార శిక్ష పడింది. 1853లో అమెరికాకు వలస పోయాడు. నా స్నేహితుడు ఆ నీటి అంచున నిలబడి, "స్వంత ఊరికి పోలేకపోవడం ఎట్లా ఉంటుందో ఈయనకు తెలుసు" అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు.

ఈ వాక్యభాగమునుండి మూడు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, ఇంటి దగ్గర ఉన్న మనకు. రాలేదని, పంపలేదని, మరచిపోయాడని తీర్పు తీర్చకముందు బుడుదు వేయండి. "నీకు ఏమి కష్టం వచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఒకసారి వేసి ఊరుకోవద్దు. ఆ నావికులు రెండుసార్లు వేశారు. రెండవసారికి లోతు మారింది.

రెండవది, దూరదేశంలో ఉన్న మీకు. మీ రాళ్లను పటంలో గుర్తు పెట్టండి. పోయిన ఉద్యోగం, తీరని అప్పు, ఆగిపోయిన కాగితాలు దాచిపెట్టి ఫోనులో నవ్వవద్దు. దిగులు పెట్టకూడదని దాచారు, నిజమే. కాని తెలియని దిగులు మీ తల్లిని ఎక్కువ నలిపింది.

మూడవది, మనకందరికి. లోతు తగ్గిందని తెలిసినప్పుడు వారు ముందుకు ఉరకలేదు. నాలుగు లంగరులు వేసి తెల్లవారుటకు కనిపెట్టారు. తెల్లవారుచుండగా పౌలు రొట్టె పట్టుకుని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞత చెల్లించి తిన్నాడు. ఓడ పగిలింది గాని ఇన్నూట డెబ్బది ఆరుగురిలో ఒక్క ప్రాణం పోలేదు. మన గర్వం అనే ఓడ పగిలితే పగలనిద్దాం. మనుష్యులు ఒడ్డు చేరితే చాలు.

తిరిగి వచ్చిన మొదటి ఆదివారం, ఆ మాట విన్న జనం ఎదుటే నిలబడి నేను తప్పుగా మాట్లాడానని ఒప్పుకున్నాను. అతని తల్లి ముందు వరుసలో కూర్చుని ఉంది. ఈసారి ఆమె తల వంచుకోలేదు.

మన అంతరంగపు లోతులను ఎరిగిన ప్రభువు మీ నాలుకను, మీ గృహములను, మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.