ఎముకలు చెప్పిన సాక్ష్యము

చనిపోయినవానికి మనము న్యాయము చేయవలసిన పని యున్నదా? అతడు మన మాట వినడు, మనమీద వ్యాజ్యెము వేయడు. గనుక అతనిగూర్చి ఏమి చెప్పినను చెల్లునని తలంతుము. ఇంగ్లాండు దేశపు రాజైన మూడవ రిచర్డు సంగతి ఆలకించుము.

అతడు 1483లో రాజై, 1485లో బాస్‌వర్తు యుద్ధమున 32 ఏండ్ల ప్రాయములో చంపబడెను. అతనిని గెలిచిన హెన్రీ ట్యూడరు సింహాసన మెక్కెను. ఆ వంశపు ఏలుబడిలోనే రిచర్డు కథ పెరిగెను. హెన్రీ మనుమరాలైన ఎలిజబెతు రాణి కాలమున షేక్స్‌పియరు అతనిని నాటకములోనికి తెచ్చి గూనివానిగాను, ఊచచెయ్యి గలవానిగాను, హంతకునిగాను చూపెను. వంకర దేహములో వంకర మనస్సే యుండునని లోకము నమ్మెను.

2012లో లెస్టరు పట్టణమున, మోటారు బండ్లు నిలుపు స్థలము క్రింద, అతని ఎముకలు దొరికెను. వెన్నెముక ప్రక్కకు వంగియున్నది; అంతవరకు నిజమే. గాని ఊచచెయ్యి లేదు. ఉన్న నిజమునకు లోకము లేనిదానిని చేర్చినది.

అయితే అతడు నిర్దోషియా? తొందరపడకుము. 1483లో అన్న చనిపోగా, 12 ఏండ్ల, 9 ఏండ్ల ప్రాయముగల అన్న కుమారులు లండను కోటలో అతని చేతిక్రింద ఉండిరి. ఆ సంవత్సరము తరువాత వారు కనబడలేదు. అతడే చంపించెనని అనేకులు నమ్ముదురు. రుజువు నేటికిని లేదు. హేస్టింగ్సు ప్రభువును విచారణ లేకుండ శిరచ్ఛేదము చేయించుట మాత్రము నిశ్చయము. ఆ రాజే 1484లో, నేరము రుజువు కాకమునుపు పట్టబడినవాని సొత్తును అధికారులు లాగుకొనరాదని చట్టము చేయించెను!

అతనిని రాక్షసుని చేయుట సుళువు. పరిశుద్ధుని చేయుటయు సుళువే. ఉన్నవానిని ఉన్నట్టు చూచుటయే కష్టము. హేస్టింగ్సునకు అతడు విచారణ నియ్యలేదు. గనుక మనమును అతనికి ఇయ్యనక్కరలేదందువా? ఇయ్యవలెను. అతనిని మెచ్చుకొనుటకు కాదు, ఆ విషయములో మనము అతనివంటివారము కాకుండుటకే.

2015లో అతని ఎముకలను లెస్టరు ప్రధాన దేవాలయములో గౌరవముగా పాతిపెట్టిరి. అది అతని దోషములను కొట్టివేయుట కాదు. మనుష్యునికి చెల్లవలసిన మర్యాద.

నీ పొరుగువానిగూర్చి ఒక మాట నీ చెవిని పడినప్పుడు నిదానించి అడుగుము: ఇది చెప్పినవాడెవడు? చెప్పుటవలన వానికి లాభమేమి? ఇందులో కన్నదెంత, కల్పించినదెంత? రిచర్డు ఎముకలు సాక్ష్యము చెప్పుటకు 527 ఏండ్లు పట్టెను. నీ పొరుగువాడు అంతకాలము కాచుకొనగలడా?