వంశవృక్షం, ఛాయాచిత్రం, వ్యాధి: తెలుసుకునే హక్కుపై ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

తెలుగు కుటుంబాల్లో వంశచరిత్రను వెదికే సందర్భాలు సంప్రదాయంగా మూడు: పెళ్లి, ఆస్తి పంపకం, పితృకార్యం. ఇటీవల నాలుగోది చేరింది. అది వ్యాధి. గుండెకో, మూత్రపిండానికో, కంటిచూపుకో దీర్ఘరోగం సోకినప్పుడు వైద్యుడు అడిగే తొలి ప్రశ్నల్లో “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” అనేది ఒకటి. ఆ ప్రశ్నతో రోగి పాత పెట్టె తెరుస్తాడు. మాసిన ఫోటోలను బయటికి తీస్తాడు. ముత్తాతల పేర్లకోసం పెద్దలను ఆశ్రయిస్తాడు. అప్పుడు ఎదురయ్యే నైతిక ప్రశ్న ఇది: గతించినవారు దాచుకొన్న రోగాన్ని తవ్వితీసే హక్కు రోగికి ఉందా? తెలిసినదాన్ని బంధువులకు చెప్పవలసిన బాధ్యత ఉందా?

హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ పరిసరాలు ఈ ప్రశ్నకు తగిన నేపథ్యం. టోకు వ్యాపారానికి పేరుపడ్డ ఈ పేటకు దగ్గరలోనే, నాంపల్లిలో, డి.ఎన్.ఎ. ఆధారిత గుర్తింపు, రోగనిర్ధారణల కేంద్రం (సి.డి.ఎఫ్.డి.) ఉప్పల్‌కు తరలకముందు చాలాకాలం పనిచేసింది. ఒకచోట ఇచ్చిపుచ్చుకోళ్ల ఖాతాలు, మరొకచోట రక్తసంబంధాల ఖాతాలు. రెండూ తరాల లెక్కలే.

వంశవర్ణనలో రోగం

తెలుగు కావ్యాల అవతారికల్లో కృతిపతి వంశవర్ణన ఒక నియమం. మనుచరిత్రలో పెద్దన రాయల వంశాన్ని చంద్రుని నుంచి మొదలుపెట్టాడు. ఇలాంటి వర్ణనల్లో శౌర్యం, దానం, కీర్తి ఉంటాయి, రోగం కనిపించదు. కాని ఆ చంద్రవంశపు మూలకథ వేరుగా ఉంది. దక్షశాపంవల్ల చంద్రుడే క్షయపీడితుడు. అదే వంశంలోని విచిత్రవీర్యుడు క్షయతో మరణించాడు. శంతనుని అన్న దేవాపికి చర్మరోగం కారణంగా రాజ్యార్హత పోయింది. ధృతరాష్ట్రుని అంధత్వం, పాండురాజు శరీరవర్ణం భారతకథకే ఇరుసులయ్యాయి. ఇతిహాసం రోగాన్ని వంశకథలో భాగంగా చెప్పింది; ప్రశస్తి దాన్ని తొలగించింది. కుటుంబ ఆల్బమ్ ఈ రెండింటిలో ప్రశస్తికే దగ్గర. స్టూడియోలో కూర్చొన్న మనిషి పట్టుబట్టతో, నిటారుగా కనిపిస్తాడు. మంచం పట్టిన రోజున ఫోటో తీయించుకొనేవారు అరుదు.

ఈ దాపరికానికి కారణం ఉంది. మనుస్మృతి మూడో అధ్యాయం వివాహానికి వర్జించవలసిన కులాలను చెబుతూ క్షయ, అపస్మారం, శ్విత్రం, కుష్ఠు ఉన్న వంశాలను పేర్కొన్నది. రోగాన్ని ఒప్పుకోవడమంటే ఆడపిల్లల పెళ్లిళ్లను ప్రమాదంలో పెట్టడమే అయినప్పుడు, మౌనం అబద్ధం కాదు, ఆత్మరక్షణ. నేటి శోధకుడు ఆ మౌనాన్ని విమర్శించేముందు దాని భారాన్ని గుర్తించాలి.

కనిపించని స్త్రీలు

వంశవృక్షంలో మరో లోటు స్త్రీలది. చాలా వంశావళుల్లో తండ్రి, తాత, ముత్తాతల పేర్లే ఉంటాయి. ఇంటి ఆడపడుచు పెళ్లితో వృక్షం నుంచి జారిపోతుంది. ఫోటోల్లోనూ అంతే. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీలకోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటు చేసి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించవలసి వచ్చింది. అక్కడికి వెళ్లగలిగినవారు సంపన్నులు మాత్రమే. అయితే వ్యాధివారసత్వానికి ఈ పక్షపాతం లేదు. రక్తస్రావ రోగమైన హీమోఫీలియా సాధారణంగా తల్లి ద్వారా కొడుకుకు సంక్రమిస్తుంది. మేనరికాల్లో తల్లివైపు, తండ్రివైపు కొమ్మలు ఒకచోట కలుస్తాయి. తర్పణవిధి మాత్రం తల్లిని, నాయనమ్మను, మాతామహవర్గాన్ని కూడా స్మరిస్తుంది. లిఖిత వంశావళి మరచినవారిని కర్మకాండ గుర్తుంచుకొన్నదన్నమాట. అమ్మమ్మ పుట్టింటి ఫోటోను వెదకడం ఈ దృష్టిలో వైద్యావసరమే కాక న్యాయం కూడా.

హక్కు, దాని హద్దు

ఈ సమస్యకు ఒక మార్గం ధర్మశాస్త్రంలోనే ఉంది. కేతన తెలుగులోకి తెచ్చిన మితాక్షర సంప్రదాయంలో పిత్రార్జితంపై కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది. 2005 సవరణతో కూతురికీ వచ్చింది. వారసత్వంగా వచ్చిన వ్యాధిని కూడా ఉమ్మడి ఆస్తివంటి ఉమ్మడి రుణంగా భావించవచ్చు. రుణంలో వాటా ఉన్నవారికి ఖాతా చూసే హక్కు ఉంటుంది. కనుక తాత మరణకారణం తెలుసుకోవడానికి మనుమరాలికి గల హక్కు, తాత పరువుకంటే బలమైనది. దాచడంవల్ల ఆమె పెళ్లి నిలవవచ్చు, ప్రాణం నిలవకపోవచ్చు.

అయితే ఖాతా చూసే హక్కు బజారులో చదివే హక్కు కాదు. వైద్యులు గీసే వంశపటంలో పురుషుడికి చతురస్రం, స్త్రీకి వృత్తం, రోగం ఉంటే నలుపు, మరణానికి అడ్డగీత. పేరు అవసరం లేదు. ఫోటోలో ముఖం ఉంటుంది, నిజం ఉండదు; పటంలో నిజం ఉంటుంది, ముఖం ఉండదు. తెలియవలసినవారికి నిజాన్ని ఇచ్చి, ముఖాన్ని కాపాడటం సాధ్యమేనని ఈ తేడా చూపుతుంది. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1980లో వెలువడిన తన ఛాయాచిత్ర గ్రంథంలో గతించిన తల్లి బాల్యచిత్రం గురించి విస్తారంగా రాసి, ఆ చిత్రాన్ని మాత్రం ముద్రించలేదు. చెప్పడానికీ చూపించడానికీ మధ్య గల ఈ వివేకం ఇక్కడ ఉపకరిస్తుంది.

రెండో హద్దు తెలుసుకోదలచనివారిది. మానవ జన్యురాశిపై యునెస్కో 1997లో చేసిన ప్రకటన జన్యుపరీక్ష ఫలితాలను తెలుసుకోవాలా వద్దా అని నిర్ణయించుకొనే హక్కును గుర్తించింది. చికిత్సకో నివారణకో వీలున్న రోగాన్ని చెప్పకపోవడం తప్పు. ఏ ఉపాయమూ లేనిదాన్ని అడగనివారి చెవిలో వేయడం కూడా తప్పు. రోగి ముందుగా “తెలుసుకోవాలని ఉందా?” అని అడగాలి. ఆ ప్రశ్నే మర్యాద.

కారణం, దోషం

మిగిలిన చిక్కు రోగి మనసులోనిది. ముత్తవ్వ సన్నని ముఖంలో తన రోగాన్ని వెదికేవాడు ఆమెను ఒక లక్షణంగా కుదించే ప్రమాదం ఉంది. ఫోటో రోగనిర్ధారణ చేయలేదు. ఆమె సన్నదనం కరవుదో, కాన్పులదో కావచ్చు. పైగా రోగాన్ని పాపఫలంగా చూసే అలవాటు కారణాన్ని దోషంగా మారుస్తుంది. 1977లో ఛాయాచిత్రాలపై, 1978లో వ్యాధికి అంటగట్టే రూపకాలపై పుస్తకాలు వెలువరించిన సుసాన్ సాంటాగ్ తానే క్యాన్సర్ రోగి. రోగానికి నైతికార్థం అంటగట్టడం రోగిని రెండోసారి బాధించడమేనని ఆమె వాదం. వంశశోధనకూ ఇది వర్తిస్తుంది. జన్యువును ఎవరూ ఎంచుకోలేదు, ఎవరూ ఉద్దేశించి ఇవ్వలేదు. ముత్తవ్వ కారణం కావచ్చు, దోషి కాదు. ఆమెకూ అది ఎవరినుంచో వచ్చినదే.

ముగింపు

వ్యాధి ప్రేరణతో సాగే వంశశోధన ప్రశస్తిని ఇతిహాసంగా సరిదిద్దుతుంది. అది గతించినవారిపై విచారణ కాకూడదు. వారసుడికి ఖాతా చూసే హక్కు ఉంది. చూసినదాన్ని అవసరమైనవారికి, అడిగి, ముఖాలను కాపాడుతూ చెప్పే బాధ్యతా ఉంది. పితృఋణం సంతానంతో తీరుతుందన్నది ప్రాచీనుల మాట. ఆ సంతానానికి తెలియవలసింది తెలియజేయడం కూడా ఆ రుణంలో భాగమే.