తినే అన్నం, వినే సలహా

కొలిమి దగ్గర పుట్టి పెరిగిన మనకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. అమ్మేవాడు మంచి ఇనుము అన్నంత మాత్రాన అది మంచి ఇనుము అయిపోదు. కాల్చి చూస్తాం, సుత్తితో కొట్టి మోత వింటాం, ఆ తరువాతే పనిలో పెడతాం. కత్తికి ఇంత పరీక్ష పెట్టే చేతులు, పిల్లల నోటికి అందించే తిండి గురించి ఎవరు ఏం చెప్పినా పరీక్ష లేకుండా ఒప్పుకోవడం తగునా?

అండమాన్‌లోని లంబాలైన్‌ను చూడండి. నిన్నటి పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీ విజయపురంలో అదొక పేట. సముద్రం దాటి వచ్చిన తెలుగువాళ్లకు ఈ ఊరు ఇల్లయింది. ఇక్కడికి ఉల్లిపాయలు, పప్పులు, నూనె చాలావరకు ఓడల మీదే రావాలి. ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. కాని సెల్‌ఫోన్‌లో వచ్చే సలహా ఏ ఓడ కోసమూ ఆగదు. అన్నం మానేయమని ఒకరు, పాలు విషమని ఒకరు, ఈ పొడి తాగితే షుగర్ మాయమని మరొకరు. హైదరాబాద్ బస్తీలోనైనా, నిజామాబాద్‌లోనైనా, ఈ ద్వీపంలోనైనా వినిపించే మాటలు ఒకటే.

మరి మనం ఏ గీటురాయి మీద గీసి చూడాలి? గురు నానక్ దేవ్ జీ సిరీ రాగంలో మనకొక కొలత ఇచ్చారు. ఏ తిండి తింటే ఒంటికి బాధ కలుగుతుందో, మనసులో వికారం పుడుతుందో, ఆ తిండి వల్ల సుఖం లేదన్నది ఆ బోధ సారం. ఒళ్లు, మనసు రెండూ ఆ కొలతలో ఉన్నాయి. నోటి రుచి కోసం ఒంటిని పాడుచేసుకోవడం తప్పు. ఒంటి మీద భయంతో ముద్ద ముద్దకూ కుమిలిపోవడం కూడా మనసుకు రోగమే. తిండి దాత ఇచ్చిన దాతి. దాన్ని ఆశగా మింగవద్దు, శత్రువులా చూడవద్దు.

ఈ పాఠం మనకు లంగర్‌లోనే ఉంది. మాతా ఖీవీ జీ చేతి లంగర్‌ను గురు గ్రంథ్ సాహిబ్‌లోనే కొనియాడారు. గురు అమర్ దాస్ జీ గోయింద్‌వాల్‌లో ముందు పంగత్, తరువాతే సంగత్ అన్నారు. పంగత్‌లో ఒకరి పర్షాదాలు ఇంకొకరు లెక్కపెట్టరు. ఎవరి ఒళ్లు చూసీ ఎవరూ నవ్వరు. ఆడ, మగ అందరికీ అదే నేల, అదే పప్పు. మరి మన ఇంట్లో? మగవాళ్లు తిని లేచాక, పిల్లలు తిని లేచాక, అడుగున మిగిలింది కోడలికా? పెళ్లి సంబంధం చెడుతుందని కూతురు కడుపు మాడ్చుకోవాలా? గురుద్వారాలో పంగత్, ఇంట్లో అంతరం అయితే మనం లంగర్ ఛకినట్టు కాదు.

ఇది మర్యాదకు సంబంధించిన మాటే కాదు, ప్రాణానికి సంబంధించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కంటి రెప్ప లోపల పాలిపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, ఇవి దాని గుర్తులు. గర్భిణికి ఇది కాన్పులో ప్రాణగండం కావచ్చు.

రక్తానికి కావలసిన ఆ ఇనుము మన కులవృత్తే కదా! ఖాల్సా పంథ్‌కు అమృతం తయారైంది ఇనుప బాటాలోనే. సర్బ్‌లోహ్ పాత్రలో వండటం మన పంథ్‌లో పాత ఆచారం. మన చేతులు చేసిన ఇనుప కడాయిలో టమాటా పప్పు, చింతపండు పులుసు వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుందని పరిశోధకులూ చెప్పారు. ఊరందరికీ కడాయిలు అమ్మే మన ఇంట్లో అల్యూమినియం గిన్నె ఎందుకు? వండాక కూర వేరే గిన్నెలోకి తీయండి, కడాయి తుడిచి ఆరబెట్టండి.

అయితే కడాయి ఒక్కటే చాలదు. మునగాకు, తోటకూర, పప్పు, తినేవాళ్లకు చేప, మాంసం, పక్కన నిమ్మకాయ ఉండాలి. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగి తాగండి. డాక్టరు రక్తం చూసి మాత్రలు రాస్తే మానకండి. గవర్నమెంటు ఆసుపత్రిలో గర్భిణులకు ఉచితంగా ఇస్తారు. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, భయపడవద్దు. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్ తయారీ వెనుక, 1895లో భీమవరంలో పుట్టిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉంది.

ఇక ఎవరి సలహా నమ్మాలి? ఈ ద్వీపమే ఒక మనిషిని చూపిస్తుంది. డాక్టర్ దీవాన్ సింగ్ కాలేపానీ ఇక్కడ వైద్యం చేసిన గురుసిక్కు. 1942లో జపాన్ సైన్యం ద్వీపాలను ఆక్రమించాక ఆయన తన సుఖం చూసుకోలేదు, జనం పక్షాన నిలబడ్డారు. సెల్యులర్ జైలులో చిత్రహింసలు పడి 1944 జనవరి 14న ప్రాణం విడిచారు. మన బాధ నుంచి లాభం తీసుకోని మనిషి మాటకే విలువ.

కాబట్టి సలహా చెప్పేవారిని మూడు దెబ్బలు కొట్టి మోత వినండి. ఒకటి, సలహాతో పాటు డబ్బా కూడా అమ్ముతున్నారా? రెండు, డాక్టరు ఇచ్చిన మందు ఆపేయమంటున్నారా? మూడు, అన్ని రోగాలకూ, అన్ని వయసులకూ ఒకే మాట చెబుతున్నారా? ఏ ఒక్కదానికి అవునని వచ్చినా ఆగండి, డాక్టరును అడగండి. అర్దాస్ చేసి మందు మానేయమని గురు ఘర్ ఎన్నడూ చెప్పలేదు. గురు హర్ రాయ్ జీ కీరత్‌పూర్‌లో దవాఖానా నడిపారు.

అడగడానికి చోటు ఉంది. లంబాలైన్ వారికి ఊళ్లోనే జి.బి. పంత్ ఆసుపత్రి, మిగతా వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంగన్‌వాడీ. వీటన్నిటికీ వెనుక హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో అది దేశ ప్రజలకు 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటవద్దని, కండల కోసం ప్రోటీన్ పొడులు వద్దని చెప్పింది. ఆ సంస్థ 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ చేతిలో మొదలైంది. ఆయన 1920లలో రకరకాల ప్రాంతాల తిండి ఎలుకలకు పెట్టి చూస్తే, సిక్కుల తిండి తిన్నవి బాగా ఎదిగాయి. గోధుమ రొట్టె, పప్పు, పాలు, వెన్న, పచ్చి కూరలు, ఎప్పుడైనా మాంసం, అంతే. అందులో డబ్బా పొడి ఏదీ లేదు.

షుగర్ ఉన్న పెద్దలకు ఒక మాట. కడాహ్ పర్షాద్‌లో పిండి, నెయ్యి, చక్కెర సమానం. చేతులు జోడించి "థోడా జీ" అనండి. చిటికెడు తీసుకున్నా ప్రసాదం ప్రసాదమే. సేవాదారులారా, ఆ మాట విన్నాక బలవంతం చేయకండి.

ఈ రాత్రి నుంచి ఇంటిల్లిపాదీ ఒకే పంగత్‌లో కూర్చోండి. ముందు వాహెగురూను తలుచుకోండి. తల్లి పళ్లెంలో అందరితో సమానంగా పడిందో లేదో చూసి, తరువాతే మొదటి ముద్ద తీయండి. ఒంటికి బలం, మనసుకు నిలకడ, మంచి మాటను గుర్తించే వివేకం సంగత్ అందరికీ దక్కాలని అర్దాస్ చేస్తున్నాం.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతేహ్.